సాయంత్రం దాకా ఆగిన గొంతు

మా బస్‌స్టేషన్‌లో ఆమెను అందరూ సర్వరమ్మ అంటారు. పేరు పెట్టింది క్యాంటీన్ యజమాని. కంప్యూటర్ గదిలో సర్వర్లను చూసుకునే పనిలోకి మారానని ఆమె చెబితే, "మా దగ్గర కూడా ఇద్దరు సర్వర్లున్నారమ్మా, రోజుకో కప్పు పగలగొడుతున్నారు. వాళ్ళనీ కాస్త చూసుకో, పుణ్యముంటుంది" అన్నాడట. ఆ మాట సాయంత్రానికల్లా డ్రైవర్ల గది దాకా పాకింది. ఇంక అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జీతం ఇచ్చే రోజున కూడా క్యాషియర్ "సర్వరమ్మా" అనే కేకేస్తాడు.

నేను ఎంక్వయిరీ కిటికీలో కూర్చుంటాను. ఆమె మొదట నా పక్క కౌంటర్లోనే టికెట్లు కోసేది. మనిషి బక్కపలచన. నవ్వితే శబ్దం రాదు, భుజాలు కదులుతాయి. కౌంటర్లలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో అవి ఆగిపోయినప్పుడల్లా మేమంతా చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆమె మాత్రం వాటిని బాగుచేయడానికి వచ్చిన కుర్రాళ్ళ వెనకాలే నిలబడి, "ఎందుకు ఆగింది? ఇప్పుడెందుకు కదిలింది?" అని వాళ్ళ ప్రాణం తీసేది. అలా అడిగి అడిగి, రాత్రిపూట కంప్యూటర్ క్లాసుల్లో చేరి చదివి, పరీక్షలు రాసి, చివరికి ఆ గదికే తాళంచెవి సంపాదించుకుంది.

ఆమె అత్తగారు కూడా మా స్టేషన్ మనిషే. చిన్నమనిషి కాదు, మైకు మనిషి. ఏళ్ళ తరబడి బస్సుల రాకపోకలు చెప్పింది ఆవిడే. హాలు మధ్యలో అద్దాల గది, అందులో ఎత్తు కుర్చీ, దాని మీద ఆవిడ. గొంతు గంట కొట్టినట్టు ఉండేది. బండి కింద పడుకుని నట్లు బిగించే మెకానిక్‌లు కూడా ఆవిడ పిలుపు విని టైము చెప్పేవాళ్ళు. ఒకసారి కౌంటర్‌లో ఒక ప్రయాణికుడు చిల్లర గురించి నోరు పారేసుకుంటుంటే, సర్వరమ్మ మాట తూలకుండా, తల దించకుండా బదులు చెప్పడం ఆ అద్దాల గదిలోంచి చూసిందట. ఆ వారమే నా దగ్గరికొచ్చి, "ఆ పిల్లది ఏ ఇల్లు? మా డ్రైవరు వెధవకి అలాంటిదే కావాలి" అంది. అలా ఏరి కోరి తెచ్చుకున్న కోడలు.

అత్తాకోడళ్ళు బాగానే ఉండేవాళ్ళు. చెడింది రికార్డింగ్ దగ్గర.

ఆవిడ రిటైరయ్యే ముందు ఏడాది, పై ఆఫీసు వాళ్ళు ఇకమీద బస్సుల పిలుపులన్నీ కంప్యూటరే చెప్పాలన్నారు. ఒక గదిలో గోడలకి దుప్పట్లు కట్టి, ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఊళ్ళ పేర్లు, ప్లాట్‌ఫారం నంబర్లు, "వచ్చినది", "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" లాంటివన్నీ విడివిడిగా చదివించారు. సెలవు పెట్టిన రోజులకి పనికొస్తుందనుకుని పాపం ఆవిడ సరదాగా చదివింది. అది తన కుర్చీకే ఎసరు పెడుతుందని ఆవిడకి ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆ ముక్కల్ని కత్తిరించి, అతికించి, వేళకి పలికేలా ప్రోగ్రాం రాసింది కోడలు. రిటైరైన మర్నాడే ఎత్తు కుర్చీని స్టోరు గదిలో పడేశారు.

వాళ్ళుండేది స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో. వంటింటి కిటికీ తీస్తే పిలుపులు వినబడతాయి. ఆవిడ ఆ కిటికీ మూసేసింది. "ఇక్కడ నేను కూర తరుగుతుంటే అక్కడ నేనే బస్సుని పిలుస్తున్నాను. నేనెవర్నే అసలు?" అందట కోడలితో. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. మాటలు తగ్గించేసింది. "ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?" అంటే "ఊఁ". "మందు వేసుకున్నారా?" అంటే "ఊఁ". కొడుకు దూరపు బస్సుల మీద పోయి రోజు విడిచి రోజు ఇంటికొస్తాడు. వచ్చిన రోజు మద్దెలలా రెండు వైపులా వాయింపులు తినేవాడు. లేని రోజు ఇద్దరాడవాళ్ళూ ఆ చిన్నింట్లో ఒకరికొకరు తగలకుండా తిరిగేవాళ్ళు.

ఇక ఆ రోజు సంగతి.

ముందు రోజు స్టేషన్‌లో కరెంటు బోర్డు మార్చారు. కంప్యూటర్లన్నీ ఆపేశారు. మర్నాడు తెల్లవారుజామున వాటిని మళ్ళీ వెలిగించింది మా ఎలక్ట్రీషియన్. సర్వర్ లోపల టైము గుర్తుంచుకోవడానికి గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుందట. అది అయిపోయింది. అందుకని సర్వర్ లేస్తూనే, "ఇప్పుడు టైమెంత?" అని అడిగింది. నిద్రలేని కళ్ళతో అతను పొద్దుటి అయిదుకి బదులు సాయంత్రం అయిదు నొక్కాడు. మామూలుగా అయితే బయటి నుంచి సరైన టైము తెచ్చుకుని అదే దిద్దుకునేదట గానీ, ఆ లైను ఇంకా కలపలేదు.

ఇంకేముంది! తెల్లారకుండానే మా స్టేషన్‌లో సాయంత్రమైంది. సాయంత్రం బయలుదేరాల్సిన రేవు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందని స్పీకర్లు చెప్పాయి. టీ తాగుతున్న ఒక ముసలాయన సగం కప్పు అక్కడే వదిలి పరుగెత్తాడు. మూడో ప్లాట్‌ఫారం మీద గనుల బస్సుంది. కండక్టరు, "తాతా, రేవు కావాలంటే సాయంత్రం రా" అంటే, "సాయంత్రమే కదా, బోర్డు మీద చూడు!" అని దెబ్బలాట. బస్సుల టైములు చూపించే బోర్డు మీద కూడా సాయంత్రమే.

ఏడింటికి మేనేజరు గారు వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. మంచివాడే, కానీ ప్రతిదానికీ జడుసుకుంటాడు. బోర్డు చూసి ఆయన చేతిరుమాలు బయటికి తీశారు. సర్వరమ్మ ఆ పూట సెలవు. అత్తగారి మోకాళ్ళు చూపించడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆమెను కదపడమెందుకని మేనేజరు గారే కంప్యూటర్ గదిలోకి వెళ్ళి, గడియారాన్ని సరిచేసి బయటికొచ్చారు. బోర్డు మీద పొద్దుట ఏడైంది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

ఆ తర్వాత మైకు పలకలేదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక బస్సు వెళ్ళిపోయింది, ఇంకోటి వెళ్ళిపోయింది. పిలుస్తారు కదా అని బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. తెలిశాక వాళ్ళంతా నా కిటికీ మీద పడ్డారు. ఒక్క నోటితో ఎంతమందికి చెప్పను? నా తల ప్రాణం తోకకొచ్చింది. చంకలో బిడ్డతో ఒక పిల్ల, "పిలవకుండానే ఎలా పంపించారమ్మా? అవతల మా అన్నయ్య ఎదురుచూస్తుంటాడు" అని ఏడ్చేసింది. ఎలక్ట్రీషియన్ నిచ్చెనేసుకుని స్పీకర్ల వైర్లన్నీ లాగి చూశాడు. వైర్లు బాగానే ఉన్నాయి. ఇంక చేసేది లేక మేనేజరు గారు సర్వరమ్మకి ఫోన్ చేశారు.

డాక్టరు దగ్గర వాళ్ళ వంతు ఇంకా రాలేదు. కోడలు ఫోన్ పెట్టేసి ఏం చెప్పాలా అని నీళ్ళు నములుతుంటే అత్తగారే లేచి, "పద. మోకాళ్ళెక్కడికి పోతాయి? నాతోనే ఉంటాయి" అందట.

వాళ్ళిద్దరూ వచ్చేసరికి హాలు సంతలా ఉంది. సర్వరమ్మ చెప్పులు గుమ్మం ముందు విడిచి కంప్యూటర్ గదిలోకి పోయింది. అత్తగారు నా కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని, పైకి స్పీకర్ల కేసి చూసింది. చాలా రోజుల తర్వాత స్టేషన్‌లో కాలు పెట్టింది. తన గొంతు వినిపించని రోజే పెట్టింది.

"ఏమైందమ్మాయ్, చచ్చిపోయిందా అది?" అంది నాతో, వెటకారంగా.

"ఏమోనమ్మా. ఉలుకూ పలుకూ లేదు."

లోపల సర్వరమ్మ చూస్తే ప్రోగ్రాం చచ్చిపోలేదు. బతికే ఉంది. అదే చిక్కు. తర్వాత నాతో అంది, "ప్రోగ్రాం చచ్చిపోతే సుఖం అక్కా, ఎందుకు పోయిందో ఏదో ఒకటి చెప్పి పోతుంది. బతికుండి పలక్కపోతేనే నరకం. మనమేం తప్పు చేశామో మనమే వెతుక్కోవాలి." ఆ మాట ప్రోగ్రాం గురించే అన్నదో, ఇంకెవరి గురించైనా అన్నదో నేను అడగలేదు.

ముందు ఎవరైనా చేసేదే తనూ చేసింది. ఆపి, మళ్ళీ నడిపించింది. ప్రోగ్రాం లేచింది, మళ్ళీ కిమ్మనకుండా కూర్చుంది. మరోసారి. మళ్ళీ అంతే. వెనకాల మేనేజరు గారు చేతిరుమాలు పిండుతూ నిలబడ్డారు.

"సార్, పొద్దున్న ఎవరైనా ఏమైనా మార్చారా?"

"లేదమ్మా, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు" అన్నారాయన గబగబా.

ఈలోగా హాల్లో ఇంకో సంగతి జరిగింది. మా స్టేషన్‌కి రోజూ వచ్చే ఒకాయన ఉన్నాడు. చూపు లేదు. ఏదో ఆఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం. కర్ర తాటించుకుంటూ వస్తాడు, ఎప్పుడూ ఒకే స్తంభానికి ఆనుకుని నిలబడతాడు, పిలుపు వినగానే లెక్కపెట్టుకున్నట్టు నడిచి సరిగ్గా బస్సెక్కుతాడు. ఎవరి చేయీ పట్టుకోడు, పట్టుకోనివ్వడు. ఆ రోజు ఆ స్తంభం దగ్గరే నిలబడి నిలబడి, చివరికి గాల్లోకే అడిగాడు.

"ఏమండీ, ఇవాళ ఆ అమ్మ పిలవడం లేదేం? ఒంట్లో బాలేదా?"

పక్కనున్న కుర్రాడు నవ్వి, "అమ్మేంటండీ, అది కంప్యూటరు" అన్నాడు.

"కంప్యూటరు సంగతి నాకెందుకయ్యా, గొంతు ఆవిడదేగా" అన్నాడాయన.

బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ మొహం చూశాను. చూపు ఆ స్తంభం వైపే ఉంది. నేను వెంటనే అందుకున్నాను.

"అమ్మా, పాత మైకు అద్దాల గదిలోనే ఉంది. వైరు కూడా తీయలేదు. మాకు పిలవడం రాదు. ఒక్క గంట కూర్చోండి."

"నేనెందుకు? నా గొంతు ముక్కలు ముక్కలుగా కోసి డబ్బాలో దాచుకున్నారుగా. ఆ ముక్కలే వాడుకోండి."

"డబ్బా తెరుచుకోవడం లేదమ్మా మరి!"

ఆవిడ నవ్వలేదు. కానీ స్తంభం దగ్గరున్నాయన మళ్ళీ కర్ర తాటించి, ఏ దిక్కుకి పోవాలో తెలియక రెండడుగులు వేసి ఆగిపోవడం చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. "ఆ బాబు వెళ్ళాల్సింది ఏ బస్సు?" అంది.

ఎలక్ట్రీషియన్ స్టోరు గదిలోంచి ఎత్తు కుర్చీ మోసుకొచ్చాడు. ఆవిడ కొంగుతో మైకు తుడిచింది. దాని మీద వేలితో కొట్టింది. హాలంతా ఠపఠపమంది. ఒక్కసారి అందరూ తలలు పైకెత్తారు.

గొంతు మునుపట్లా లేదు. అంచుల్లో కొంచెం చిరిగింది. కానీ మనిషి గొంతు.

"అయ్యా, వినండి. ఆఫీసుల బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద ఉంది. స్తంభం దగ్గర నిలబడ్డ బాబూ, అది నీదే. నెమ్మదిగా రా, కండక్టరుకి చెప్పాను, ఆగుతాడు. గనుల బస్సు వాళ్ళు పరుగెత్తకండి, డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు, ఇక్కణ్ణించి నాకు కనిపిస్తున్నాడు. ఏమయ్యా డ్రైవరూ, కానీయ్!"

హాలు హాలంతా గొల్లున నవ్వింది. గనుల బస్సు డ్రైవరు కప్పు కింద పెట్టి బండి దగ్గరికి ఉరికాడు. చూపు లేనాయన స్పీకరు ఉన్న వైపు తిరిగి, తల వంచి, ఎప్పటిలాగే లెక్కపెట్టుకుంటూ నడిచి వెళ్ళి బస్సెక్కాడు. బిడ్డ తల్లిని కూడా ఆవిడ మర్చిపోలేదు. "అమ్మాయ్, ఏడవకు, నీ ఊరు మీదుగా పోయేది ఇంకోటుంది, అయిదో నంబరులో కూర్చో" అని మైకులోనే చెప్పింది. రాసిచ్చిన వాక్యం ఒక్కటీ లేదు. కానీ నా కిటికీ ముందు గుంపు పలచబడిపోయింది.

ఆ గొంతు కంప్యూటర్ గదిలోకీ వినబడింది. ఒక్క క్షణం తన ప్రోగ్రామే లేచిందనుకుందట సర్వరమ్మ. డ్రైవరు టీ మాట వచ్చాక గానీ సంగతి అర్థం కాలేదు. ఆమె భుజాలు కదిలాయని మేనేజరు గారు చెప్పారు. నవ్విందో ఏడ్చిందో వెనకనించి ఆయనకి తెలియలేదు.

అప్పుడు నిదానించి ఆలోచించిందట. అంతదాకా "ఎందుకు పలకవు?" అని కుదిపి కుదిపి లేపుతోంది. ఇప్పుడు "దేనికోసం చూస్తున్నావు?" అని అడిగింది. నడుస్తున్న ప్రోగ్రాం ఆ క్షణంలో ఏం చేస్తోందో చూపించే పనిముట్టు ఒకటుందట వాళ్ళకి. దానితో లోపలికి చూసింది. ప్రోగ్రాం హాయిగా నిద్రపోతోంది. ఎప్పటిదాకా? సాయంత్రం ఏడూ ఇరవై దాకా.

ఆమె వెనక్కి తిరిగింది.

"సార్, నేను తప్పుపట్టడానికి అడగట్లేదు. గడియారం ఎవరైనా వెనక్కి తిప్పారా?"

మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి. "నేనేనమ్మా. పన్నెండు గంటలు ముందుకి పోయి ఉంటే సరిచేశాను. గడియారమేగా, దానికీ మైకుకీ ఏం సంబంధం అనుకున్నాను. ఇందాక నువ్వడిగితే భయమేసింది."

"సరిచేయడంలో మీ తప్పేముంది సార్? తప్పు టైము చూపిస్తుంటే ఎవరైనా దిద్దుతారు. దిద్దేముందు నా ప్రోగ్రాం చదువుతారా ఏమిటి?"

జరిగింది ఇదీ. ప్రోగ్రాం పని చాలా చిన్నది. ఒక బస్సుని పిలుస్తుంది, తర్వాతి బస్సు టైము చూసుకుంటుంది, ఆ టైము దాకా పడుకుంటుంది. తప్పు గడియారం ప్రకారం సాయంత్రం ఏడు బస్సుని పిలిచేసింది. ఏడూ ఇరవైకి లేద్దామని పడుకుంది. అది పడుకున్నాక గడియారాన్ని పొద్దుటి ఏడుకి తెచ్చారు. దానికి ఆ సంగతి తెలియదు. సాయంత్రం ఏడూ ఇరవై అయ్యేదాకా లేవనని ముసుగు తన్నింది. అప్పగించిన మాట తు.చ. తప్పకుండా పాటిస్తోంది పాపం.

మరి ఆపి మళ్ళీ నడిపితే ఎందుకు లేవలేదు? అక్కడే ఇంకో ముడి ఉంది. మునుపు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చెప్పిన బస్సుల్నే మళ్ళీ మళ్ళీ చెప్పేది. జనం తిట్టేవాళ్ళు. అందుకని ఏ బస్సు దాకా పిలిచిందో ఒక గుర్తు పెట్టుకోమని సర్వరమ్మే దానికి నేర్పింది. ఇప్పుడది లేవగానే ఆ గుర్తు చూసుకుంటోంది. సాయంత్రం ఏడు దాకా అన్నీ పిలిచేశానని ఉంది. ఇంకేం, పగటి బస్సులన్నీ అయిపోయినట్టే లెక్క. మళ్ళీ పడక.

ఆమె ఆ గుర్తు చెరిపేసి, ప్రోగ్రాంని ఇంకోసారి లేపింది. వెంటనే మైకు వైపు వదల్లేదు. "ఉండండి సార్, ఆవిడ మాట్లాడుతున్నారు" అంది. గడియారం చూసి పడుకునే ప్రోగ్రాంలు ఇంకేమున్నాయో వరసగా చూసింది. కౌంటర్ల మధ్య ఖాళీ సీట్ల లెక్క అటూ ఇటూ చేరవేసేది కూడా అలాగే పడుకుని ఉంది. అందుకే ఆ పూట ఒకే సీటు రెండు కౌంటర్లలో అమ్ముడుపోయింది. ఆ రభస నాకు తెలుసు, నా ముందే చొక్కాలు పట్టుకున్నారు. దాన్నీ లేపింది. బయటి నుంచి టైము తెచ్చే లైను కలిపించింది.

అంతా అయ్యాక అద్దాల గది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. అత్తగారు మైకు మీద చేయి అడ్డుపెట్టి, "ఏం, లేచిందా?" అంది.

"లేచింది అత్తయ్యా. మీరు సరేనంటే అది మొదలుపెడుతుంది."

"నేను సరేననడమేంటి, నువ్వు ఆపమంటే నేను ఆపాలి గానీ."

"మీరున్నంతసేపూ దాని నోరు నొక్కి ఉంచుతాను. మీ ఇష్టం."

పెద్దావిడ కోడలి మొహం కేసి చూసింది. "రేవు మీదుగా పోయే పగటి బస్సు ఒకటుందిగా, అదొక్కటీ పిలిచి లేస్తాను. ఆ ముసలాయన పొద్దుటినుంచీ పడిగాపులు పడుతున్నాడు" అంది.

ఆ బస్సు పిలిచే లోపల మేనేజరు గారి బల్ల మీద ఫోన్ మోగింది. పై ఆఫీసు. అద్దాల గది పక్కనే ఆయన బల్ల, తలుపు తీసే ఉంది. ఆయన "అవునండీ, అవునండీ" అంటూ కుర్చీ అంచుకి జారిపోతున్నారు. అవతలివాళ్ళు ఎవరు బాధ్యులో పేరు కావాలంటున్నారు. సర్వరమ్మ చేయి చాచి ఫోన్ తీసుకుంది.

"నమస్తే అండీ. ప్రోగ్రాం నాది. గడియారం కదిలితే ఏం చేయాలో దానికి నేను నేర్పలేదు. ఇవాళ పొద్దున్న గడియారం సరిచేయడం వల్ల ఆ లోపం బయటపడింది, అంతే. సరిచేసినవాళ్ళ తప్పు లేదు. బాగుచేసి మీకు రాసి పంపుతాను."

అవతల ఏదో గట్టిగానే అన్నారు. ఆమె "సరేనండీ" అని పెట్టేసింది. మేనేజరు గారు చేతిరుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు. పెద్దావిడ అంతా విన్నది.  కుర్చీ దిగేటప్పుడు నా చేయి అందుబాటులో ఉన్నా కోడలి భుజమే పట్టుకుంది.

ఆ తర్వాత ఓ వారం పాటు సర్వరమ్మ ఆ ప్రోగ్రాం మీదే కూర్చుంది. ఇంటి దగ్గర అన్నం తినే బల్ల మీద పాత కంప్యూటర్ ఒకటి పెట్టి, దాని గడియారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ పరీక్షలు చేసేది. అత్తగారు ఎదురుగా కూర్చుని చూసేది. ఇంట్లో మాటలు మళ్ళీ అక్కడ మొదలయ్యాయి.

"ఇప్పుడేం చేస్తున్నావ్?"

"'ఏడూ ఇరవైకి లే' అని పడుకోబెడితే మోసపోతోంది కదా. అలా కాకుండా 'ఇంత సేపు పడుకుని లే' అని చెబుతున్నా. కంప్యూటర్‌లో గడియారం కాక ఇంకో లెక్క ఉంటుంది అత్తయ్యా, అది లేచి ఎంతసేపైందో చెప్పే లెక్క. గడియారాన్ని ఎవరైనా తిప్పగలరు, దాన్ని తిప్పలేరు."

"పూర్తిగా పడుకోనివ్వడమెందుకసలు? మధ్యమధ్యలో లేచి టైము చూసుకోమను. నేను అలాగే చేసేదాన్ని. కునుకు పట్టినా ఒక కన్ను గోడ గడియారం మీదే ఉండేది."

"అదీ పెట్టాను. నిమిషానికోసారి కళ్ళు తెరుస్తుంది. రేపు జరగాల్సింది ఇవాళే జరిగిందని గుర్తు కనిపిస్తే నమ్మొద్దనీ చెప్పాను."

"అంత తెలివొస్తే ఇంక నువ్వెందుకు?" అంది పెద్దావిడ. అని, తనే గతుక్కుమంది. కోడలు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.



"అత్తయ్యా, ఆ రికార్డింగు ఎందుకో మీకు ముందే చెప్పాల్సింది. మీ కుర్చీ తీసేస్తారని నాకు తెలుసు. చెప్పే ధైర్యం లేకపోయింది."

"చెబితే నేను చదివేదాన్ని కాదు" అంది ఆవిడ. కొంచెం ఆగి, "చదివేదాన్నేలే. ఎవరో ఒకరి గొంతు ఉండాలిగా. కానీ ఇంకాస్త బాగా చదివేదాన్ని" అంది.

ఇవన్నీ సర్వరమ్మ నాకు క్యాంటీన్‌లో చెప్పింది. చెబుతూ టీ చల్లార్చుకుంది.

కొత్త ప్రోగ్రాం ఎక్కించిన రోజు మేనేజరు గారు గడియారాన్ని కావాలనే వెనక్కి తిప్పమన్నారు. ఆమె తిప్పింది.  నిమిషం గడిచింది. స్పీకరు పలికింది. పలికినప్పుడు ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. సర్వర్‌లో బ్యాటరీ మార్చారు. ఇకమీద గడియారం తప్పుంటే ఒక్క దెబ్బకి లాగకుండా కొద్దికొద్దిగా జరిపేలా కూడా చేసింది. ఎవరైనా తప్పనిసరిగా చేత్తో మార్చాల్సి వస్తే ముందు తనకి ఫోన్ చేయమని తలుపు మీద కాగితం అంటించింది. పై ఆఫీసు నుంచి ఆమెకి ఒక మందలింపు వచ్చింది. మేనేజరు గారు దానికి జవాబుగా తన సంతకంతో, గడియారం మార్చింది తనేననీ, చెప్పడానికి జంకి ఆలస్యం చేశాననీ రాసి పంపారు. ఆయన అలా రాస్తారని ఎవరూ అనుకోలేదు. మందలింపు వెనక్కి తీసుకున్నారో లేదో తెలియదు, ఆ తర్వాత ఆ ఊసు మళ్ళీ రాలేదు.

పెద్దావిణ్ణి మళ్ళీ రోజూ వచ్చి కూర్చోమని ఆయన అడిగారు. "అంత ఓపిక లేదు నాయనా" అందావిడ. కానీ కంప్యూటరు పాడైన రోజున పనికొస్తుందని, మా కౌంటర్లలో ముగ్గురికి పిలవడం నేర్పింది. నేనూ వెళ్ళాను. "నువ్వు వద్దమ్మాయ్, నీ పిలుపు వింటే దెబ్బలాటకి రమ్మన్నట్టుంది" అని నన్ను మొదటి రోజే పంపేసింది.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి కిటికీ తీసి ఉంది. స్టేషన్ నుంచి పిలుపు వినబడుతోంది. పెద్దావిడ చిక్కుళ్ళు వలుస్తూ చెవి అటు పెట్టి, "ఇదిగో, ఆ 'బయలుదేరుటకు' అన్న చోట వినవే. జలుబు చేసినట్టు లేదూ? ఆ రోజు దుప్పట్ల గదిలో గాలాడలేదు. అది మార్చాలి" అంది.

"మారుద్దాం అత్తయ్యా. ఎప్పుడు?"

"ఈ గింజలు అయిపోనీ" అంది. సర్వరమ్మ ఇంకో గిన్నె తెచ్చుకుని పక్కన కూర్చుని తనూ వలవడం మొదలుపెట్టింది.